బ్యాటరీ మేస్త్రి

రోహిణీకార్తె యెండలో, బెజవాడ ఆటోనగరునందలి రేకులషెడ్డు క్రింద, లోపల కుతకుత నుడుకుచున్న టాక్సీ బ్యాటరీని చూచి క్రొత్తది కొనుమని తొందరపెట్టక, ముందు దాని వాసన పసిగట్టి, టెర్మినళ్లచెంత పేరుకొన్న తెల్లని పొడిని పరికించి, మాటిమాటికి నీళ్లు తగ్గుచున్నవా, వేగము పెరిగినపుడు హెడ్‌లైట్లు మితిమీరి వెలుగుచున్నవా యని డ్రైవరు నడుగు ఎలక్ట్రీషియను నేర్పు చూచి తీరవలసినది. మూతలు విప్పునపుడు దాపున నెవ్వరిని బీడీ ముట్టింపనీయడు. పైకి వచ్చునది ఉదజని. ఇంజను ఆగియుండగా మీటరు 12.6 వోల్టులు చూపుట సహజము. నడుచునపుడు 14 చుట్టు నుండవలసినది, ఆక్సిలరేటరు నొక్కినకొలది 15ను మించినచో లోపము చార్జింగుదే. అయినను ఆల్టర్నేటరును వెంటనే విప్పడు. బ్యాటరీ స్థితిని రెగ్యులేటరునకు తెలుపు సన్నని తీగె యొకటి కొన్ని బండ్లలో నుండును. దాని ప్లగ్గులో చిలుము పట్టెనా, వోల్టేజి తక్కువగా తోచి, రెగ్యులేటరు ఇంకను ఇంకను కుమ్మరించును. ఆ పచ్చని చిలుమును ఎమెరీకాగితముతో గీకి, పిన్ను బిగించి, మరల మీటరు పెట్టగా 14.1! (క్రొత్త బ్యాటరీలమ్మువారి కీ విద్య అంతగా రుచింపదు.) తరిగిపోయినది నీరే గాని ఆమ్లము కాదు గనుక, పలకలు మునుగునట్లు డిస్టిల్డువాటరు మాత్రమే పోసి, టెర్మినళ్లను వంటసోడా కలిపిన నీటితో కడిగి తుడిచి, వేసలైను పూసి బిగించును. బ్యాటరీ వెల మిగిలిన డ్రైవరు, ఆ రాత్రి ఒప్పుకొన్న తిరుపతి కిరాయికి నిశ్చింతగా బయలుదేరును.