ఒకే బంగారం, రెండు వెలుగులు

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో తయారైన బంగారు పూత కంచు సెమ్మె ఎక్కడైనా కనబడితే, దూరం నుంచి చూసి కదిలిపోకండి. కాస్త వంగి, దాని ఒంటిని చుట్టుకున్న ఆకుల దండను చూడండి. ఆకు ఈనె తళతళా మెరుస్తుంది. ఈనెకు అటూ ఇటూ ఉన్న ఆకు మాత్రం మెరుపు లేని మెత్తటి పసుపులో ఉంటుంది. లోహం ఒకటే, పూత ఒకటే, వెలుగులు మాత్రం రెండు. కొవ్వొత్తి మంట కాస్త కదిలితే చాలు, ఈనెలు మిలమిలలాడతాయి, ఆకులు నిలకడగా వెలుగుతాయి. ఆనాటి పనివాళ్లు బంగారాన్ని వాడింది ఈ తేడా కోసమే.

కంచు అంటున్నా, ఆ లోహం చాలాసార్లు రాగి, జింకు కలిసినదే, అంటే ఇత్తడికి దగ్గర. మైనంతోనో చెక్కతోనో నమూనా చేసి, దాని అచ్చును ఇసుకలో తీసి పోత పోసేవారు. పీఠం, కాండం, కొవ్వొత్తిని నిలిపే గిన్నె, కరిగిన మైనాన్ని పట్టే చిన్న పళ్లెం వేటికవే విడిగా తయారయ్యేవి. పోతలోంచి వచ్చిన ముక్క గరుకుగా, మొద్దుగా ఉంటుంది. దానికి ప్రాణం పోసేది నగిషీ పనివాడు. చిన్న సుత్తి, రకరకాల ఉలులతో అంచులు పదును చేస్తాడు, ఈనెలు తీరుస్తాడు. మసకగా ఉండాల్సిన చోట సన్నటి మొన ఉన్న పనిముట్టుతో చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతాడు. భూతద్దంలో చూస్తే ఆ చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. పారిస్‌లో పోత పోసేవారిది ఒక వృత్తి సంఘం, నగిషీ చెక్కి పూత పూసేవారిది మరొకటి. 1776లో వృత్తి సంఘాల్లో జరిగిన మార్పుల్లోనే అవి ఒక్కటయ్యాయి.

ఇక పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి వెన్నలాంటి ముద్ద చేసి, శుభ్రం చేసిన లోహానికి పట్టించి, బొగ్గుల సెగ మీద కాచేవారు. పాదరసం ఆవిరై పోయి, బంగారం లోహాన్ని అంటిపెట్టుకుని మిగిలేది. తర్వాత మెరవాల్సిన చోట్ల అగేటు వంటి నున్నటి రాయితో ఒత్తి మెరుగు పెట్టేవారు. మిగతా చోట్లకు మసక పూత. ఆ మసక పూతకు పేరు తెచ్చినవాడు పియెర్ గుథియేర్ (1732–1813). రాజు ప్రియురాలు మదాం దు బారీకి లువ్‌సియెన్ భవనంలోనూ, రాజకుటుంబానికీ పనిచేసిన ఈ మేటి చివరికి పేదరికంలోనే కన్నుమూశాడు.

ఈ అందానికి వెల చెల్లించినవాళ్లు పూత పనివాళ్లే. పాదరసపు ఆవిరి పీల్చి చేతులు వణికి, పళ్లు ఊడి, ఎందరో చిన్న వయసులోనే కుప్పకూలారు. కంచుపనిలో ఆరితేరిన ఆంటువాన్-ఆంద్రే రావ్రియో 1814లో చనిపోతూ, వాళ్లను కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి బహుమతిగా 3,000 ఫ్రాంకులు వీలునామాలో రాసి వెళ్లాడు. పొగను పైకి లాగేసే కొలిమిని రూపొందించిన దార్సేకు 1818లో ఆ బహుమతి దక్కింది. 1840ల్లో కరెంటుతో పూత పూసే పద్ధతి వచ్చాక పాత పద్ధతి మెల్లగా వెనక్కి తగ్గింది.

ఇంత కష్టంతో పుట్టిన సెమ్మెను కరెంటు దీపంగా మార్చడం తప్పా? మార్చే చేతిని బట్టి ఉంటుంది. మంట తన పైన, దగ్గరగా వెలుగుతుందని తెలిసి చేసిన వస్తువు ఇది. షేడ్ కిందుగా జారే వెచ్చటి వెలుగు ఆ పనికి అలవాటైన వెలుగుకు దగ్గరే. పాడుచేసేది డ్రిల్లు. వైరు కనపడకూడదని పీఠం అడుగునా, కాండం లోపలా రంధ్రం తొలిచేస్తే ఆ గాయం ఇక మానదు. మంచి పనివాడు కొవ్వొత్తి గిన్నెలో సరిగ్గా ఇమిడే బిరడాకు హోల్డర్ బిగిస్తాడు. వైరును హోల్డర్ పక్కనుంచి తీసి, కాండం వెనగ్గా కిందికి దించుతాడు. వైరు కాస్త కనబడినా సెమ్మెకు గీత కూడా పడదు.

షేడ్ కూడా ఆ చూపుతోనే ఎంచుకోవాలి. బల్బునూ హోల్డర్‌నూ దాచాలి, నగిషీని దాచకూడదు. 2,700 కెల్విన్ల వెచ్చటి బల్బు కింద మసక బంగారం నిండుగా కనిపిస్తుంది. తెల్లటి ట్యూబ్‌లైట్ వెలుగులో అది పాలిపోతుంది. శుభ్రానికి మెత్తటి పొడి బ్రష్ చాలు. ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతోనో పాలిష్‌తోనో రుద్దితే పలచటి బంగారం పోతుంది. మసక భాగం మెరిసిపోతుంది. రెండు వెలుగుల తేడా చెరిగిపోతే ఆ సెమ్మెలో మిగిలేది ఆకారం ఒక్కటే.

అందుకే ఇలాంటి దీపాన్ని చూసినప్పుడు ముందు తిరగేసి పీఠం అడుగు చూడాలి, తర్వాత ఆకు ఈనెను చూడాలి. అడుగున రంధ్రం లేకుండా, ఈనె పక్కన మసక చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని మార్చినవాడు పాత పనివాడికి సాటి వచ్చే మర్యాదస్తుడు. హోల్డర్ ఊడదీసి, ఈ రాత్రే మళ్లీ కొవ్వొత్తి వెలిగించగలగాలి. ఇలాంటి మార్పుకు అంతకంటే మంచి పరీక్ష లేదు.