విరిగిన తుంటి కాడ: పాఠము చెప్పని సగము

కృత్రిమ తుంటి కీలును గూర్చి విద్యార్థులకు చెప్పు వివరణ సాధారణముగా ఒకే మూసలో నుండును: అరిగిన ఎముక బంతిని తీసివేయుదురు, లోహపు బంతిని అమర్చుదురు, రోగి లేచి నడచును. ఇందులో అసత్యమేమియు లేదు. కాని కథలో ఇది సగమే.

1962లో ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ పాలిథిలీన్ గిన్నెను, లోహపు బంతిని జతచేసి ఈ చికిత్సకు స్థిరమైన రూపమిచ్చెను. బంతికి దిగువనున్న లోహపు కాడ తొడ ఎముక గొట్టములోనికి దిగును. ఎముక సిమెంటు దానిని పట్టి యుంచును. కొన్ని కాడలు ఏండ్లు గడచిన పిమ్మట విరిగినవి. చార్న్‌లీ ఆ వైఫల్యమును దాచక, 1975లో దానిపైననే ప్రత్యేక వ్యాసము ప్రకటించెను. మన పాఠములు అనుకరింపదగినది ఈ నిజాయితీని.

కాడ ఏల విరుగును? బరువు మోయలేక ఒక్కసారిగా విరుగుట అరుదు. పెంటపాడు చేలలో పాతిన వెదురు గడను గమనింపుడు. మొదలు బిగిసియుండి కొన గాలికి ఊగుచున్నచో, అది విరుగునది నేలకు దగ్గరనే. అట్లే కాడకు పైన ఆధారము వదులై క్రింద పట్టు గట్టిగా నున్నచో, ప్రతి అడుగునకు అది కొంచెము వంగును. లక్షల అడుగులకు సన్నని బీట పుట్టి పెరుగును. దీనినే లోహపు అలసట యందురు. తీగను పలుమార్లు వంచి త్రుంచు బాలునకు ఈ సంగతి తెలియును. పాఠము దానిని తుంటితో ముడిపెట్టదు.

అసలు కష్టము ఆ తరువాతిది. క్రింది ముక్కను పట్టుకొనుటకు తల లేదు. శస్త్రవైద్యుడు విరిగిన ముఖమున రంధ్రము తొలిచి, మరచుట్ల పనిముట్టు బిగించి లాగును. లేదా ఎముకలో చిన్న కిటికీ కోసి ముక్కను పైకి తట్టును. అదియు కుదరనిచో ఎముకను నిలువున పలకవలె తెరచి, పిదప తీగలతో కట్టును. మొండిగా లాగినచో ఎముకయే పగులును. క్రొత్త కాడకు ఆధారము మిగలదు. ఎండిన బంకమన్నులో చిక్కిన గడ మొదలును రైతు గుంజడు, చుట్టును త్రవ్వును.

తరువాత బలమైన మిశ్రలోహములు వచ్చి ఇట్టి విరుగుళ్లు అరుదైనవి, మాయము కాలేదు. గట్టి పట్టు మొదట గుణము, విరిగిననాడు అదియే అడ్డంకి. కావున పరికరము ఎంత గట్టిదని మాత్రమే మెచ్చు పాఠము చాలదు. దానిని తీయవలసి వచ్చిననాడు ఎముక ఎంత మిగులును అను ప్రశ్నయు తరగతిలో వినబడవలెను.