పురత్యాగ దినం: కాశీఖండంలో లోపాముద్ర మౌనం, ప్రశ్న

ప్రస్తావన

కావ్యానికి లక్షణకారులు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో నగరం ముందు వరుసలోనే కనిపిస్తుంది. ప్రయాణం కూడా ఆ పట్టికలో ఉంది. అయితే ఆ ప్రయాణం ప్రధానంగా రాజు జైత్రయాత్ర. బతికిన ఊరిని ఒక గృహస్థుడు భార్యతో కలిసి శాశ్వతంగా విడిచిపెట్టే రోజుకు లక్షణగ్రంథాలు ప్రత్యేక స్థానం కల్పించలేదు. అందువల్ల మన విమర్శ కూడా పురవర్ణనను పట్టించుకొన్నంతగా పురత్యాగాన్ని పట్టించుకోలేదు. శ్రీనాథుని కాశీఖండం ఈ విషయంలో ప్రత్యేకంగా పరిశీలించదగిన కావ్యం. రాజమహేంద్రవర రెడ్డిప్రభువు వీరభద్రారెడ్డికి అంకితమైన ఈ ఏడాశ్వాసాల కావ్యంలో కథాగమనమంతా ఒక నిష్క్రమణపై ఆధారపడి ఉంది. అగస్త్య లోపాముద్రలు కాశిని విడవకపోతే కాశీమహిమను కుమారస్వామి అగస్త్యునికి చెప్పవలసిన సందర్భమే రాదు.

ఈ నిష్క్రమణను ఇంతవరకు ఎక్కువగా అగస్త్యుని దుఃఖంగానే చదివాం. కాశిని విడిచినది ఇద్దరు. ఆ రోజున మాట్లాడినది ఒక్కరు. రెండవవారు మాట్లాడినది ఎక్కడ, ఎప్పుడు, ఏమని అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లోపాముద్ర మౌనాన్నీ, శ్రీశైల సన్నిధిలో ఆమె వేసిన ప్రశ్ననూ కలిపి చదివినప్పుడే పురత్యాగ ఘట్టం పూర్తవుతుందని దీని ప్రతిపాదన. పురత్యాగం నిత్యానుభవంగా మారిన హైదరాబాద్ ఐటీ ప్రాంతం నుంచి చదివితే ఆ ఘట్టంలో ఏ అంశాలు స్పష్టమవుతాయో చివర చూపుతుంది.

నిష్క్రమణకు ముందు: స్తుతి

కథ తెలిసినదే. మేరువుతో స్పర్ధించిన వింధ్యుడు పెరిగి సూర్యగమనాన్ని నిరోధించాడు. లోకవ్యవహారం స్తంభించింది. ఈ ఆపద తీర్చగలవాడు అగస్త్యుడొక్కడేనని తెలిసి దేవతలు కాశిలోని ఆయన ఆశ్రమానికి వచ్చారు. ఇక్కడ గమనించవలసింది సంభాషణ క్రమం. దేవతల పక్షాన మాట్లాడిన బృహస్పతి వచ్చిన పనిని వెంటనే చెప్పడు. ముందుగా లోపాముద్రను స్తుతిస్తాడు. భర్త భుజించిన తర్వాత భుజించడం, ఆయన నిద్రించాక నిద్రించడం, ఆయనకంటె ముందే మేల్కొనడం మొదలైన పతివ్రతాధర్మాలను విస్తరిస్తాడు. వింధ్యుని ప్రస్తావన, కాశిని విడిచి రమ్మన్న అభ్యర్థన ఆ తర్వాతే వస్తాయి.

ఈ పతివ్రతా ప్రశంసను ధర్మోపదేశంగానో, కథను నిలిపివేసే ప్రక్షిప్తప్రాయమైన భాగంగానో భావించడం వాడుక. కథనదృష్టితో చూస్తే దాని ప్రయోజనం వేరు. దేవతల అభ్యర్థన అగస్త్యునికి మాత్రమే సంబంధించినది కాదు. ఆయన కదిలితే లోపాముద్ర కదలాలి. ఆమె సమ్మతిని ఎవరూ అడగరు. అడగవలసిన అవసరం లేకుండా చేసింది బృహస్పతి స్తుతి. భర్తను అనుసరించడమే స్వభావంగా గల స్త్రీగా ఆమెను ముందే నిర్వచించినందువల్ల, భర్త ఒప్పుకొంటే ఆమె ఒప్పుకొన్నట్లే అవుతుంది. అంత సుదీర్ఘమైన స్తుతిలో స్తుతిపాత్రమైన వ్యక్తి ఒక్క మాటా పలకకపోవడం యాదృచ్ఛికం కాదు.

వీడ్కోలు: చరస్థావర విపర్యయం

అగస్త్యుడు లోకహితం కోసం అంగీకరిస్తాడు. ఆ అంగీకారం ఆయన దుఃఖాన్ని తగ్గించదు. కాలభైరవుని వద్దకు వెళ్లి తాను చేసిన అపరాధమేమిటని అడుగుతాడు. డుంఠి వినాయకుని, దండపాణిని నిలదీస్తాడు. క్షేత్రపాలకులు తనను ఎందుకు వెళ్లగొడుతున్నారో తెలియని భక్తుని నిష్ఠూరం అది. ఆ తర్వాత ఆయన చూపు దేవతలనుండి గడ్డిపోచలకు మళ్లుతుంది. కాశిని వదలి ఎక్కడికీ పోని తృణగుల్మ వృక్షాలు తనకంటె ధన్యమైనవని, చరజీవుల్లో మొదటి లెక్కకు వచ్చే తాను ఈ నగరాన్ని విడిచిపోతున్నందుకు నింద్యుడనని అనుకొంటాడు.

కాశీఖండంలోని పురత్యాగానికి ఈ భావమే కీలకం. సాధారణంగా స్థావరం కంటె జంగమం ఉత్తమం. ఇక్కడ ఆ తారతమ్యం తలకిందులైంది. కదలగలగడమే లోపంగా, కదలలేకపోవడమే పుణ్యంగా కనిపించింది. ఎదుగుదల కారణంగా నిందకు గురైన వింధ్యుడు కూడా స్థావరమే. కదలని కొండ పెరిగినందువల్ల కదిలే ముని ఊరు విడవవలసి వచ్చింది. మునిని చూసి వంగిన కొండ, ఆయన తిరిగి వచ్చేవరకు అలాగే ఉండవలసి వచ్చింది. ఆయన తిరిగి రాలేదు. తిరిగిరాని ప్రయాణాన్ని అగస్త్యయాత్ర అనడం దక్షిణదేశంలో ఇప్పటికీ ఉంది.

ఇదే కావ్యం చివరి భాగంలో వ్యాసుని కాశీ బహిష్కారం వస్తుంది. శ్రీనాథుడు దానిని భీమేశ్వరపురాణంలోనూ చెప్పాడు. భిక్ష దొరకక ఆకలితో కోపించి కాశిని శపించబోయిన వ్యాసుడు శివుని ఆగ్రహానికి గురై నగరాన్ని విడిచాడు. ఆయనది దండన, అగస్త్యునిది త్యాగం. మరొక భేదం కూడా ఉంది. వ్యాసునితో వెళ్లినది శిష్యసమూహం, అగస్త్యునితో వెళ్లినది భార్య. శిష్యులు గురువు ఫలితాన్ని పంచుకోవడంలో విశేషం లేదు. అపరాధమూ చేయక, ప్రతిజ్ఞా చేయక, కోరికా కోరక నగరాన్ని కోల్పోయిన వ్యక్తి ఈ రెండు నిష్క్రమణల్లోనూ లోపాముద్ర ఒక్కతే. అయినా కాలభైరవుని అడిగినవాడు అగస్త్యుడే. గడ్డిపోచలను చూసి దుఃఖించినదీ ఆయనే.

కొల్లాపురంలో మహాలక్ష్మి ఈ దంపతులకు ప్రత్యక్షమైన సన్నివేశం ఈ అసమానతను మరింత స్పష్టం చేస్తుంది. లక్ష్మి లోపాముద్రను ఆదరంతో లేవనెత్తి ఆలింగనం చేసుకొని అలంకరిస్తుంది. మనస్తాపానికి కారణం కాశీవియోగమేనని గుర్తించి చెప్పే మాటలు మాత్రం మునిని ఉద్దేశించినవి. మళ్లీ కాశి లభించాలన్న వరం ఆయన కోరుతాడు. ఆమెకు దక్కింది అలంకారం. అయినా దారిలో ఆమెను దగ్గరకు తీసుకొన్న మొదటి వ్యక్తి మరొక స్త్రీ కావడం గుర్తుంచుకోదగినది.

శ్రీశైలం: ప్రశ్న

ప్రయాణం తెలుగుదేశంలోకి ప్రవేశించాక లోపాముద్ర గొంతు వినిపిస్తుంది. దూరంనుండి శ్రీశైల శిఖరాన్ని చూపి, దాన్ని దర్శించినవారికి పునర్జన్మ లేదని అగస్త్యుడు చెబుతాడు. లోపాముద్ర ముందుగా అనుమతి కోరుతుంది. ఆ తర్వాత ఆమె అడిగినది స్థూలంగా ఇది: శ్రీశైల దర్శనంతోనే పునర్జన్మ లేకపోవడం నిజమైతే, మీరింకా కాశినే ఎందుకు కోరుకొంటున్నారు?

పురాణకథనంలో శ్రోత ప్రశ్నించడం, వక్త చెప్పడం ఒక సంప్రదాయం. పార్వతి అడిగితే శివుడు చెబుతాడు. లోపాముద్ర ప్రశ్న కూడా అటువంటి కథనోపాయమేనని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపంలో కొంత నిజముంది. ఆమె ప్రశ్నకు సమాధానంగానే అగస్త్యుడు తీర్థభేదాలను వివరిస్తాడు. సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, భూతదయ మొదలైన మానసతీర్థాలను చెబుతాడు. సప్తపురులను సేవించిన శివశర్మ కథ కూడా ఇక్కడినుండే పుట్టింది. ఆమె అడగకపోతే కావ్యంలో అంత భాగం లేదు.

అయినా ఈ ప్రశ్న స్వభావం వేరు. సాధారణ శ్రోత తనకు తెలియనిది అడుగుతుంది. లోపాముద్ర భర్త అప్పుడే అన్న మాటనే తీసుకొని, అది ఆయన దుఃఖానికి పొసగడం లేదని చూపుతుంది. విడిచివచ్చిన నగరం మీద ఆయనకున్న ఆరాటాన్ని ఆమె తర్కానికి నిలబెట్టింది. పైగా ఆమె ఈ ప్రశ్నను కాశిలో అడగలేదు. అక్కడ ఆమె పాత్ర స్తుతికి పరిమితమైంది. దారిలో, పాత ఊరు వెనుకబడి కొత్త నేల ఎదురైన చోట ఆమె మాట్లాడింది. కాబట్టి పురత్యాగం ఆమెకు నష్టం మాత్రమే కాదు. వాక్కుకు అవకాశం కూడా ఆ నిష్క్రమణే కల్పించింది. అయితే ఆ వాక్కు తన దుఃఖాన్ని చెప్పదు, భర్త దుఃఖాన్నే ప్రశ్నిస్తుంది. కాశిని విడిచిన రోజున ఆమెకేమనిపించిందో కావ్యం చివరివరకూ మనకు తెలియదు.

దాక్షారామాన్ని కాశితో సమానంగా నిలిపిన భీమేశ్వరపురాణ కర్తకు, లోపాముద్ర ప్రశ్నలో తెలుగునేల పక్షపు వాదన వినిపించి ఉండాలి. వెళ్లిన చోట పుణ్యం ఉన్నప్పుడు విడిచిన చోటికై వగపెందుకు? అగస్త్యుని సమాధానం కాశి ఆధిక్యాన్నే మళ్లీ స్థాపించింది. ప్రశ్న మాత్రం శ్రీశైలం నేలమీద పుట్టింది.

సైబరాబాద్ నుంచి పునఃపఠనం

పాఠకుడున్న చోటును బట్టి పాఠంలో ప్రాధాన్యాలు మారతాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ గ్రామాల రూపం మారిపోయింది. జిల్లాలనుంచీ ఇతర రాష్ట్రాలనుంచీ వచ్చిన యువదంపతులు ఇక్కడ అద్దె ఇళ్లలో కొన్నేళ్లు బతికి, ‘ఆన్‌సైట్’ పేరిట మరొక దేశానికి సాగిపోవడం ఇక్కడి జీవనక్రమంలో భాగమైంది. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2008నుంచి బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో పనిచేసి, 2023లో నానక్‌రామ్‌గూడకు తరలింది. ఉద్యోగం చేసే చోటు, వీసా అడిగే చోటు ఒకే ప్రాంతంలోకి వచ్చాయి. గచ్చిబౌలినుంచి బాహ్యవలయ రహదారి నేరుగా శంషాబాద్ విమానాశ్రయం వైపు తీసుకుపోతుంది.

ఈ దంపతుల చివరి రోజుకు రూపమేమిటి? ఇంటి తాళాలు యజమానికి అప్పగించడం, గ్యాస్ కనెక్షన్ రద్దు చేసుకోవడం, పెట్టెలు తూకం వేసి పచ్చడి సీసానో పుస్తకాన్నో తీసి పక్కన పెట్టడం. సొంత ఊరినుంచి బయలుదేరినప్పుడు శకునం చూసేవారు, ఎదురొచ్చే ముత్తయిదువ, పొలిమేరదాకా సాగనంపే బంధువులు ఉంటారు. అద్దెకున్న నగరంలో అవేవీ లేవు. నగరం కూడా వారికి పరాయిదే, వెళ్లే చోటూ పరాయిదే. నగరశివారులోని చిలుకూరు బాలాజీని జనం ‘వీసా బాలాజీ’ అని పిలుచుకొంటారు. కోరిక కోరి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటయెనిమిది. కాలభైరవుని వద్ద అగస్త్యుని విన్నపం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన వెళ్లనీయవద్దని అడిగాడు. ఇక్కడ వెళ్లనివ్వమని అడుగుతారు. కాశీఖండంలో నిందగా నిలిచిన చరత్వం ఈ ప్రాంతంలో అర్హతగా మారింది. మునికి అసూయ పుట్టించిన స్థావరాలు కూడా ఇక్కడ మిగలడం కష్టమైంది. యుగాలుగా నిలిచిన గ్రానైట్ గుట్టలను చాలాచోట్ల పగలగొట్టి ఆ స్థలంలో భవనాలు లేపారు.

ఈ పోలికకు పరిమితి ఉంది. అగస్త్యుడు లోకహితానికి కదిలాడు, ఉద్యోగి జీవికకు కదులుతాడు. అగస్త్యయాత్రకు పునరాగమనం లేదు, వీరికి ఉండవచ్చు. లోపాముద్ర స్థానం మాత్రం ఆశ్చర్యకరంగా కొనసాగుతోంది. అమెరికా వలస చట్టంలో హెచ్-1బి ఉద్యోగి జీవితభాగస్వామికి లభించే హెచ్-4 హోదాకు వాడుకలో ఉన్న పేరే ‘డిపెండెంట్’. 2015 మే నెల వరకు ఆ హోదాలో ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ తర్వాత కూడా, శాశ్వతనివాస ప్రక్రియలో భర్త లేదా భార్య నిర్దిష్ట దశకు చేరినవారికే అది లభించింది. ఈ హోదాలో పురుషులూ ఉన్నారు. అంటే అనుసరించేవారి స్థానం లింగానికి మాత్రమే కట్టుబడి లేదు. కాని హైటెక్ సిటీలో తానూ ఉద్యోగం చేస్తూ, భర్త బదిలీతో దాన్ని వదులుకొన్న స్త్రీకి బృహస్పతి స్తుతి కొత్త భాషలో వినిపిస్తూనే ఉంటుంది. ‘అదృష్టవంతురాలివి, అమెరికా వెళ్తున్నావు’ అనే అభినందనలో ఆమెను అడగవలసిన ప్రశ్న మరుగున పడుతుంది.

మన వలస సాహిత్యవిమర్శ చేరిన చోటునుంచి మొదలవుతుంది. పరాయిదేశపు ఒంటరితనం, ఇంటిబెంగ, పిల్లల భాష దాని ప్రధానాంశాలు. బయలుదేరిన రోజు అందులో నేపథ్యంగానే మిగిలిపోతుంది. అయితే అనుసరించినవారే రచయితలైన సందర్భాలు మనకు కొత్తవి కావు. 1873లో ఇంగ్లండు వెళ్లి, ఆ అనుభవాలను తెలుగులో రాసి, తానే ఇంగ్లీషులోకి తెచ్చి 1876లో మద్రాసులో ప్రచురించిన పోతం జానకమ్మ అందుకు ఉదాహరణ. భర్త పేరు తన పేరులో భాగంగా ప్రకటించుకొన్నప్పటికీ చూసినది, రాసినది ఆమె. అటువంటి రచనల్లో ప్రయాణారంభం ఎవరి గొంతుతో నడిచిందో వేరుగా పరిశీలించవలసి ఉంది.

ముగింపు

కాశీఖండ పురత్యాగంలో మూడు దశలు కనిపిస్తాయి. బృహస్పతి స్తుతిలో లోపాముద్ర ఇతరుల మాటకు విషయం. కాలభైరవుని సన్నిధిలో భర్త మాటకు సాక్షి. శ్రీశైలం ఎదుట తానే వక్త. అగస్త్యుని దుఃఖం దగ్గర మన పఠనం ఆగితే రెండవ దశ మాత్రమే మనకు మిగులుతుంది. మూడింటినీ కలిపి చదివితే, నిష్క్రమణ ఘట్టం కాశీ సరిహద్దులో కాక తెలుగునేలమీద, ఒక స్త్రీ ప్రశ్నతో ముగుస్తుందని తెలుస్తుంది. ‘ఇంకా ఆ నగరాన్నే ఎందుకు కోరుకొంటున్నారు?’ అని ఆమె అడిగింది, అగస్త్యుడు జవాబు చెప్పాడు. ‘ఆ నగరాన్ని విడవడానికి నీకు ఇష్టమేనా?’ అని ఆమెను అడిగినవారు కావ్యంలో లేరు. నానక్‌రామ్‌గూడ వరుసల్లో నిలబడి, గచ్చిబౌలి ఇళ్లు ఖాళీచేసి వెళ్తున్న దంపతుల గురించి ఈ కాలంలో వచ్చే కథకు, నవలకు, వాటిని చదివే విమర్శకు ఆ అడగని ప్రశ్నే ప్రారంభం కావాలి.