కత్తి పుచ్చుకున్న చెయ్యి

మనవాళ్ళకు నాటకాల రోజుల నుంచీ దుర్యోధనుడంటే ఒక అభిమానం. పద్యం బాగా ఎత్తుకుంటే చాలు, ద్రౌపదిని సభకు ఈడ్పించినవాడు వీడే కదా అన్న సంగతి కాసేపు మరిచిపోయి వన్స్‌మోర్ కొడతాం. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో రామారావుగారు కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ మూడు వేషాలూ తానే వేశారు. మరి నలుగురు కూర్చున్నచోట ఇప్పటికీ గొంతు మార్చి అప్పజెప్పేది ఎవరి డైలాగులు? దుర్యోధనుడివే! కాబట్టి విలన్ వేషం మీద మోజు కొత్త జబ్బేమీ కాదు. కొత్తదల్లా ఏమిటయ్యా అంటే, ఇప్పుడు కుర్చీలో కూర్చుని చూసేవాడి చేతికే ఆ గద అందిస్తున్నారు.

ఈమధ్య నేనూ పుచ్చుకుని చూశాను. అయితే అది గద కాదు, కత్తి.

విజువల్ నవల అని ఒక రకం కంప్యూటర్ గేములున్నాయి. జపానులో బాగా పెరిగిన పంట ఇది. తెర మీద బొమ్మ కనిపిస్తుంది, కింద మాటలు వస్తూంటాయి. కొంత దూరం చదివాక కథ ఆగి, 'ఇప్పుడేం చేస్తావు?' అన్నట్టు రెండు మూడు దారులు మన ముందు పెడుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ నడుస్తుంది. వీటిల్లో పెద్దలకు మాత్రమే అన్న ముద్ర వేసుకున్నవి బోలెడు. రాక్షసులూ, మాంత్రికులూ, రాకుమార్తెలూ ఉండే ఆ లోకాల్లో వీరుడి వేషమే కాదు, దుష్టుడి వేషమూ మనమే కట్టవచ్చు.

నేను ఆడింది 'స్లే ద ప్రిన్సెస్'. 2023లో వచ్చింది. కెనడాలో టొరాంటో నగరానికి చెందిన ఆబీ హోవర్డ్, టోనీ హోవర్డ్ ఏరియస్ అనే భార్యాభర్తలు తయారుచేశారు. బొమ్మలన్నీ ఆవిడ పెన్సిలుతో గీసినవే. ఇందులో శృంగారం లేదుగాని, నెత్తురూ భయమూ కావలసినంత ఉన్నాయి. పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు.

కథ మొదలయ్యేసరికి మనం అడవి దారిలో ఉంటాం. సూత్రధారుడి గొంతు ఒకటి వినిపిస్తుంది. దారి చివర ఒక చెక్క ఇల్లుంది, దాని నేలమాళిగలో ఒక రాకుమారి ఉంది, ఆమెను చంపాలి, లేకపోతే లోకం నాశనమైపోతుంది అంటాడు. ఎందుకు నాశనమవుతుందీ, ఆమె ఏం చేసిందీ అని అడిగితే సరైన జవాబు చెప్పడు. ఇంట్లో బల్ల మీద కత్తి సిద్ధంగా ఉంటుంది. తీసుకోవచ్చు, తీసుకోకపోనూవచ్చు.

నేను తీసుకున్నాను. మారు ఆలోచన లేకుండా తీసుకున్నాను. గేములో వస్తువు కనిపిస్తే తీసుకోవడం ఆడేవాడి ధర్మం కదా! మెట్లు దిగాను. రాకుమారి గోడకు గొలుసుతో కట్టేసి ఉంది. గొంతు గట్టిగానే ఉంది, జంకూ గొంకూ లేదు. 'ఓహో, ఇది గడుసుదే. సూత్రధారుడు ఊరికే అనలేదు' అనుకున్నాను.

ఆ తరవాత మళ్ళీ మొదటినుంచీ ఆడాను. ఈసారి కత్తి బల్ల మీదే వదిలేసి దిగాను. అదే మెట్లు, అదే గొలుసు. కాని రాకుమారి గొంతు మెత్తబడింది. మనిషిలో బెరుకు కనిపించింది. అప్పుడు తట్టింది నాకు. మొదటిసారి నేను విన్నది ఆమె గడుసుతనం కాదు, నా చేతిలోని కత్తికి ఆమె ఇచ్చిన జవాబు!

ఈ గేము గుట్టంతా ఇదే. మనం ఆమెను ఏ కంట చూస్తే ఆమె అలా తయారవుతుంది. కలబడి ఇద్దరం చస్తే, మళ్ళీ కథ మొదలయ్యేసరికి యుద్ధానికి కాలుదువ్వే వీరనారిగా ఎదురవుతుంది. భయపడి తలుపు బిగిస్తే పీడకలై వస్తుంది. లొంగిపోతే మనల్ని చీమను చేసే దేవతై నిలుస్తుంది. పోనీ, చెప్పిన మాట విని తక్షణం చంపేస్తే? సూత్రధారుడు శభాష్ అంటాడు, లోకం బతికిందంటాడు. తలుపు తీసి చూస్తే బయట లోకమే లేదు. ఆ ఇంట్లోనే ఒంటరిగా హాయిగా ఉండమంటాడు. బుద్ధిమంతుడికి దక్కే బహుమానం అది!

దీని పక్కన ఇంకో రకాన్ని పెట్టి చూడండి. జపానులో అలీస్‌సాఫ్ట్ సంస్థ 1989లో మొదలుపెట్టి 2018 దాకా నడిపిన 'రాన్స్' గేములున్నాయి. అవి అచ్చంగా పెద్దలవి. వాటిలో కల్పించిన లోకం పెద్దది, యుద్ధవ్యూహాలు తెలివైనవి. 2006లో వచ్చిన 'సెంగోకు రాన్స్'ను ఆ వ్యూహాల కోసమే మెచ్చుకునేవాళ్ళున్నారు. కాదనను. కాని ఆ కథానాయకుడు ఆడవాళ్ళను బలవంతం చేసే మనిషి. ఆ గేములు చాలాచోట్ల దాన్ని హాస్యం పద్దులో జమకడతాయి. అక్కడ నాకు వినిపించనిది ఒకటే, అవతలి మనిషి గొంతు. ఆమె కూడా బల్ల మీది వస్తువే అయిపోయింది.

'నర్తనశాల'లో రంగారావుగారి కీచకుణ్ణి తలుచుకోండి. 1963 నాటి సినిమా. ఆ నడకా, ఆ చూపూ ఇప్పటికీ గుండె ఝల్లుమనిపిస్తాయి. ఆ ఘనత ఆయన ఒక్కడిదేనా? ఎదురుగా సైరంధ్రిగా సావిత్రి ఉంది. ఆవిడ కళ్ళల్లో రోతా భయమూ కనిపించబట్టే కీచకుడు కీచకుడయ్యాడు. ఆ కళ్ళు తీసేస్తే మిగిలేది మంచి ఆభరణాలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, అంతే.

'బొమ్మను పొడిస్తే ఎవరికండీ నొప్పి?' అంటారు. ఎవరికీ కాదు, ఒప్పుకుంటాను. గేములో రాకుమారిని చంపినవాడు వీధిలోకొచ్చి మనుషుల్ని చంపుతాడని నేననను. నా బెంగ వేరు. అవతలివాళ్ళు జవాబు చెప్పని చోట మనం విలన్లమని మనకు తెలిసే మార్గమే ఉండదు. ఏ దుర్మార్గుడూ తాను దుర్మార్గుణ్ణని అనుకోడు. లోకాన్ని రక్షిస్తున్నాననే అనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని మెట్లు దిగాను కదా! అందుకే దుష్టుడి వేషం కట్టించడం తప్పంటే నేనొప్పను. ఆ వేషం ముందు నిలిచిన మనిషికి నోరు లేకుండా చేయడమే తప్పు. పెద్దలకు మాత్రమే అన్న ముద్రకు నాకు తెలిసిన అర్థం, చేసిన పనికి జవాబు వినగల వయసు వచ్చిందని.

'స్లే ద ప్రిన్సెస్'కు లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివరికి వచ్చేసరికి తత్త్వం పాలు ఎక్కువైంది. చావూ పుట్టుకా, మార్పూ స్థిరత్వమూ అంటూ చాలాసేపు చర్చ పెడతారు. రాకుమారి గొంతులో ఒక్క జీరతో తెలిసిన సంగతిని మళ్ళీ పాఠంలా చెప్పాలా? 2024లో మరికొన్ని దారులు కలిపి పెంచారుగాని, ఆ ఉపన్యాసం బరువు నాకు తగ్గినట్టు తోచలేదు.

అయినా ఆ గేము నన్నింకా వదల్లేదు. రాకుమారిని చంపినందుకు కాదు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు చెప్పగానే, ఆమె ఏమంటుందో వినకుండానే కత్తి అందుకున్నందుకు. నిన్న రాత్రి మళ్ళీ ఆడాను. ఈసారి ముందు ఆమె మాట విందామని గట్టిగానే అనుకుని లోపలికి వెళ్ళాను. ఏం లాభం? బల్ల కనిపించగానే చెయ్యి మళ్ళీ అటే పోయింది.