శిక్షణ సరే, చేను ఎవరిది?

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ శిక్షణకు జర్మనీ బ్యాంకు కె.ఎఫ్.డబ్ల్యు. అప్పు కూడా తోడైంది. రసాయనాలు తగ్గాలంటే మాకు పేచీ లేదు. మందు డబ్బా వీపున మోసి కొట్టే కూలీ మనవాడే గదా.

పేచీ పాఠంతోనే. ఎకరానికి జీవామృతం కావాలంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. అదీ నాటు ఆవుదే కావాలట! ఆవు లేని మాల మాదిగ ఇల్లు ఎవరి దొడ్డి ముందు నిలబడాలి? పేడ ఎత్తేది, మూత్రం పట్టేది, డ్రమ్ములో కలియబెట్టేది ఎవరు? తరతరాలుగా ఆసాముల దొడ్లు ఊడ్చిన ఆడవాళ్లే. 'పెట్టుబడి లేని వ్యవసాయం' అని పేరు పెట్టినవాళ్లు ఈ చాకిరీని లెక్క కట్టలేదు.

కౌలుదారు సంగతి మరీ అన్యాయం. 2019 సాగుదారు హక్కుల చట్టం భూయజమాని ఒప్పుకుంటేనే కార్డు అంది. నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషికి ఏం నేర్పుతారు?

తెలంగాణలో జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు పడావు భూములు సాగులోకి తెచ్చారు, కలిసి కౌలుకు పట్టారు, విత్తనాలు ఇళ్లలోనే దాచుకున్నారు. అక్కడ పాఠం చేలోనే మొదలైంది. శిక్షణ నిధుల్లో ఉమ్మడి కౌలు పైకాన్నీ, ఆడవాళ్ల కూలినీ పద్దులుగా రాయమని మేము అడుగుతున్నాం.