బొంతకు పటం కట్టిస్తే: ఒక పరిశీలన

విమర్శ అనగానే మనకు కావ్యం, నాటకం, చిత్రం గుర్తుకు వస్తాయి. ఇంట్లో కప్పుకునే బొంతను కూడా విమర్శకుని దృష్టితో చూడవచ్చు. ఈ భాగంలో ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. బొంతను పటం కట్టించి గోడకు తగిలిస్తే దానికి గౌరవం దక్కుతుందా, లేక అది తన అర్థాన్ని కోల్పోతుందా?

హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న కట్టంగూర్‌లో ఒక ఇంటిని ఊహించుకోండి. అవ్వ కుట్టిన బొంత పెట్టెలో ఉంది. పాత నూలు చీరలు, ధోవతులు పొరలుగా పరచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరసగా కుట్లు వేసి ఆమె దానిని తయారుచేసింది. పైన రంగురంగుల అతుకులు, అడుగున ఒకే చీర. కొత్త ఇల్లు కట్టుకున్న మనుమడు దానిని ముందు గదిలో అద్దాల పటంలో పెట్టాలనుకున్నాడు. ఆ కోరికలో ప్రేమ ఉంది. అయితే పటం చేసే పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

మన ఇళ్లలో వేటికి పటం కట్టిస్తారు? దేవుళ్ల బొమ్మలకు, పెళ్లి ఫోటోలకు, కాలం చేసిన పెద్దల ఫోటోలకు. పటంలోకి వెళ్లినదానిని చూస్తాం, దండం పెడతాం, కాని ముట్టుకోం. బొంత సంగతి అలాంటిది కాదు. మెత్తదనం, బరువు, వెచ్చదనం దాని గుణాలు. వాటిని తెలుసుకునేది ఒళ్లు, కన్ను కాదు. అద్దం వెనక మిగిలేది పైపొర రంగులు మాత్రమే.

చేర్యాల పటాలు దీనికి మన దగ్గరి నిదర్శనం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు సుద్ద, చింతగింజల జిగురు పూసిన ఖద్దరు బట్ట మీద కులపురాణాలు చిత్రించేవారు. కాకిపడగలవారు వంటి కథకులు ఆ పొడవైన బట్టను కొద్దికొద్దిగా విప్పుతూ కథ పాడేవారు. నేడు ఒక్క దృశ్యమంత బొమ్మను చట్రంలో బిగించి గోడకు పెడుతున్నారు. కథకుడి గొంతు, తరువాతి దృశ్యం కోసం ఎదురుచూపు అందులో లేవు. అయినా ఆ చట్రం వల్ల కళాకారులకు కొత్త కొనుగోలుదారులు దొరికారు. కాబట్టి చట్రాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. అది దేనిని నిలిపింది, దేనిని తొలగించింది అని అడగడమే విమర్శకుని పని.

ఇతర దేశాలలోనూ ఈ చర్చ జరిగింది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం అమెరికా క్విల్టులను, అంటే అక్కడి బొంతలను, నైరూప్య చిత్రాల మాదిరిగా గోడలకు తగిలించి ప్రదర్శించింది. ప్రశంసలు రంగులకు, ఆకృతులకు దక్కాయి. కుట్టిన స్త్రీలు వెనకబడ్డారు. 1973లో కళాచరిత్రకారిణి ప్యాట్రిషియా మైనార్డి ఒక వ్యాసంలో ఈ ధోరణిని నిలదీశారు. ఇది స్త్రీలు తెలిసి సృష్టించిన కళ అని, పలువురు తమ పేరును, సంవత్సరాన్ని క్విల్టు మీదే నమోదు చేశారని ఆమె గుర్తుచేశారు. 2002లో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల క్విల్టులు హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వారి పేర్లతో ప్రదర్శితమయ్యాయి. ఆ ఊరి మిస్సూరీ పెట్‌వే 1942లో, చనిపోయిన భర్త పనిబట్టలతో ఒక క్విల్టు కుట్టింది. అతని గుర్తును కప్పుకుని పడుకోవాలన్నది ఆమె ఉద్దేశం. ఈ సంగతి తెలియకపోతే అందులో వెలిసిన నీలిరంగు ముక్కలు మాత్రమే కనిపిస్తాయి. తెలిస్తే, ఆ వెలిసిన రంగులో ఒక మనిషి పొలంలో పడిన ఎండ కనిపిస్తుంది.

ఇప్పుడు కట్టంగూర్ బొంత దగ్గరికి వద్దాం. దానికి పటం కట్టించడం మంచిదా కాదా అని నిర్ణయించడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. బొంత ఇంకా కప్పుకోవడానికి పనికివస్తుందా? పనికివస్తే కప్పుకోవడమే దానికి తగిన గౌరవం. ఉతికితే చినిగిపోయేంత చివికినదానికే గోడ అవసరం.

2. కుట్టిన మనిషి అందులో మిగిలిందా? మాసికలను దాచి, అందమైన ముక్కను మాత్రమే కత్తిరించి పెడితే అవ్వ శ్రమ తొలగిపోతుంది. మొత్తం బొంతను ఉంచి, ఆమె పేరు, ఊరు, ఏ చీర ఎవరిదో రాసి వెనక భద్రపరచండి.

3. అది మళ్లీ బయటికి రాగలదా? జిగురుతో అట్టకు అంటిస్తే రాదు. నూలుబట్ట చుట్టిన పలకకు సన్నని కుట్లతో నిలపాలి. అద్దానికి, బట్టకు మధ్య ఖాళీ ఉండాలి. లేకపోతే వానాకాలం చెమ్మ చేరి బూజు పడుతుంది. ఎండ తగిలే గోడ వద్దు, రంగులు వెలుస్తాయి. అద్దం లేకుండా కూడా చేయవచ్చు. వెనక పైఅంచున గుడ్డ పట్టీని గొట్టంలా కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీస్తే రెండు వైపులా చూడవచ్చు.

ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే పటం కట్టించడం సమర్థనీయమే. అప్పుడు గోడ మీద కనిపించేది అలంకరణ ఒక్కటే కాదు, పాత బట్టను పారేయలేని రోజుల్లో ఒక స్త్రీ చేసిన ఆలోచన కూడా.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా ఊళ్లో ఒక బొంతను తిరగేసి చూడండి. కుట్టినవారు ఉంటే వారిని అడిగి, అందులోని ఏ ముక్క ఏ బట్టదో తెలుసుకోండి. దానిని గోడకు తగిలించడం తగునా అన్న విషయంపై మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాలలో రాయండి.