ముందు కన్నం, తర్వాతే ముంగిస

పెరట్లో కోడి పోయిన రోజు ఇంటిల్లిపాదీ డిటెక్టివులే. పిల్లి అని ఒకరు, ముంగిస అని ఒకరు, ఎదురింటి కుక్క అని ఇంకొకరు. వాదన అక్కర్లేదు, అక్కడ మిగిలిందేమిటో చూస్తే చాలావరకు తేలిపోతుంది. మెడ దగ్గర పంటిగాట్లతో రెండు మూడు కోళ్లు చచ్చిపడి ఉంటే ముంగిసను అనుమానించాలి. దొరికితే తినేదానికన్నా ఎక్కువే చంపుతుంది. పిల్లి ఒకదాన్ని నోట కరుచుకుని గోడ దూకేస్తుంది, నాలుగు ఈకలు రాలుస్తుంది. కుక్క పడితే పెరడంతా ఈకలే. గుడ్లు పెంకు ముక్క కూడా లేకుండా మాయమైతే పాము వచ్చి వెళ్లిందేమో చూసుకోవాలి.

నాకు మాత్రం ఎవరొచ్చారన్నదాని కంటే ఎటునుంచి వచ్చారన్నదే ముఖ్యం. ముంగిసను కొట్టి చంపేస్తే పీడ పోతుందనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అటుంచినా, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. కన్నం అక్కడే ఉంటుంది.

బజారులో కోళ్ల జాలీ అని అమ్మే ఆరుపలకల పల్చటి తీగజాలీ కోడిని లోపల ఉంచుతుందంతే. బయటివాటిని ఆపదు. కుక్క పళ్లతో లాగితే విడిపోతుంది, పిల్లి పంజా సులువుగా దూరుతుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్‌కు డబ్బు ఎక్కువే, కానీ పంజాకూ పందికొక్కుకూ దారి ఉండదు. దాన్ని నేలలోకి అడుగు లోతున పాతాలి. గట్టినేల అయితే గూడు చుట్టూ బయటివైపు అడుగున్నర వెడల్పున పరిచి మట్టి కప్పినా సరే. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలెడుతుంది. గోరుకు జాలీ తగిలితే వెనక్కి జరిగి తవ్వుదామన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

జాలీ కన్నా చౌకైన కాపలా ఇంకొకటుంది. పొద్దుగూకేలోగా గుడ్లు ఏరుకుని, మేత గిన్నె తీసేయడం. గూట్లో మిగిలిన నూకల కోసం ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాము వస్తుంది. పిలిచింది మనమే.

పళ్లూ గోళ్లూ లేని దొంగలూ ఉన్నాయి. కొయ్య పగుళ్లలో పగలంతా నక్కి, రాత్రి కోళ్ల కాళ్ల మీదుగా ఎక్కి నెత్తురు తాగే పురుగులు. కడుపు నిండకముందు బూడిద రంగు, నిండాక ఎరుపు. కోళ్లు వాసం ఎక్కడానికి మొరాయించినా, తల మీది ఎర్రజుట్టు పాలిపోయినా, వాసం కింది పగుళ్లను టార్చి వేసి చూడాలి. పగుళ్లు పూడ్చి సున్నం కొట్టడం, పెరట్లో ఓ మూల పొడిమట్టీ బూడిదా పోసి కోళ్లను పొర్లనివ్వడం పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది.

పగటి కాపలా కోళ్లకే వదిలేయొచ్చు. గద్ద నీడ పడితే పుంజు సన్నగా, సాగదీసి ఒక్క అరుపు అరుస్తుంది. పిల్లలు పొదల్లోకి దూరిపోతాయి. కుక్కను చూస్తే మాత్రం ఆగకుండా కొక్కొక్కొ అంటూ గోల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లకు రంగు ఈకలుండటం వెనక ఉన్న లాభాల్లో ఇదొకటి: మట్టిలో, ఆకుల్లో కలిసిపోతాయి, తెల్లకోడిలా ఆకాశంలోంచి మెరవవు.

చీకటి పడ్డాకే వాటి చేత కాదు. కోడికి రాత్రి చూపు ఆనదు, పక్కదాన్ని పట్టుకుపోతున్నా కదలదు. అందుకే ఓ రాత్రి గూడు లోపల లైటు పెట్టి, తలుపేసి, చుట్టూ తిరిగి చూడండి. వెలుతురు చిమ్మిన ప్రతిచోటా ఓ దారి ఉన్నట్టే. ఒక్కసారి చూసి ఊరుకోకండి. మనం నెలకోసారి వెతికే కన్నాన్ని ముంగిస రోజూ వెతుకుతుంది.